ఉత్తమ భోజనశాలను నిర్ణయించవలసినదెవరు?



దుబాయి నగరంలో మధ్యధరా ప్రాంతపు వంటకాలు వడ్డించే అత్యుత్తమ భోజనశాలలు ఇవీ అంటూ పది పేర్లో ఇరవై పేర్లో వరుసగా పేర్చిన జాబితాలు అంతర్జాలంలో కొల్లలు. పత్రికలవారివి కొన్ని, పర్యాటకులవి కొన్ని, నక్షత్రాలు పంచే సంస్థలవి కొన్ని. మా బంధువుల పిల్లలు అక్కడ ఉద్యోగాలలో ఉన్నందువలన అటువంటివి నాకు తరచు అందుతుంటాయి. తెలుగు పండితునిగా ముప్పైయేళ్ళకు పైగా పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పినవాణ్ణి గనుక దేనినైనా చివరి అక్షరం దాకా చదవడం నా అలవాటు. ఆ జాబితాలనూ అట్లాగే చదివాను. వాటిలో అలంకరణ ఉంది, ధర ఉంది, కిటికీలోంచి కనబడే సముద్రం ఉంది, ప్రధాన పాచకుని జీవితచరిత్ర ఉంది. గిన్నెలు తోమినవాడు లేడు. పిండి పిసికినవాడు లేడు. ఆ ఇద్దరిలో ఒకడు మా జగిత్యాలవాడో, కోరుట్లవాడో, సిరిసిల్లవాడో కావడానికి అవకాశం ఎంత ఉన్నదో మా ప్రాంతం ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పివేస్తాను. ఈ వంటకు మా ప్రాంతంలో పరీక్షాధికారి అంటూ ఎవరైనా ఉంటే అతడు గల్ఫు వెళ్ళివచ్చిన శ్రామికుడే. అతని నాలుకకూ, అతని చేతికీ విలువ కట్టనంతవరకు అక్కడి జాబితాలు సగం నిజమే. ఇక్కడి మన ఊళ్ళలోని షవర్మా బండ్లది సగం వంటే.

ముందుగా మాట సంగతి. మధ్యధరా సముద్రం అన్న పేరును మనమందరం భూగోళ పాఠాలలో చదువుకున్నాము. లాటిన్ భాషలో ‘మెడిటెరేనియస్’ అంటే భూమి నడుమ ఉన్నది అని అర్థం. అందులోని ‘మెడియస్’ మన ‘మధ్య’ శబ్దానికి స్వయానా తోబుట్టువు. ‘టెర్రా’ను ‘ధర’ అని తెనిగించిన మహానుభావుడెవరో గాని చెవికి ఇంపుగా తెనిగించాడు. అయితే భాషాశాస్త్రజ్ఞుల లెక్కలో ‘టెర్రా’కు చుట్టం ‘ధర’ కాదు, ‘తృష్ణ’. ఎండిపోవడం అనే ఒకే మూలార్థం నుండి అక్కడ నేల అనే మాట పుట్టింది, ఇక్కడ దప్పిక అనే మాట పుట్టింది. ఎండిన నేలకూ దప్పికకూ ఉన్న ఈ చుట్టరికం మా ప్రాంతపు వలసలకు ఎవరో ముందుగానే వ్రాసిపెట్టిన వ్యాఖ్యానంలాగా ఉంటుంది.

ఇక వంట సంగతి. ఆ సముద్రం చుట్టూ స్పెయిన్, ఇటలీ, గ్రీసు, టర్కీ, సిరియా, లెబనాన్, ఈజిప్టు, మొరాకో మొదలైన దేశాలు ఉన్నాయి. గోధుమ రొట్టె, ఆలివ్ నూనె, పప్పుధాన్యాలు, కూరగాయలు, చేపలు అక్కడి భోజనానికి ఆధారాలు. 2010లో యునెస్కో ఈ భోజన సంప్రదాయాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. 2013లో ఆ గుర్తింపును మరికొన్ని దేశాలకు విస్తరించింది. గమనించవలసినదేమంటే, ఆ గుర్తింపు ఏ హోటలుకూ ఇచ్చినది కాదు, ఏ ఒక్క వంటకానికీ ఇచ్చినది కాదు. పంట పండించడం, చేపలు పట్టడం, నిలువ చేయడం, వండడం, అన్నిటికంటె ముఖ్యంగా పదిమంది కలిసి కూర్చుని తినడం... ఈ మొత్తానికి ఇచ్చినది. అంటే చేతులకూ, పంక్తికీ దక్కిన గౌరవమది. జాబితాలు వ్రాసేవారు తరచు మరచిపోయేది ఈ సంగతినే.

ఇక్కడ ఒక వివరణ అవసరం. మన వైపు ‘అరబ్బీ తిండి’ అని అన్నిటినీ ఒకే గాటన కడుతున్నారు. మందీ అనే మాంసాన్నం యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతానిది. అది అరేబియా సముద్రం వైపు నేల. నిజాముల సైన్యంలో పనిచేయడానికి వచ్చిన హద్రమౌత్ అరబ్బులు హైదరాబాదు బార్కాస్‌లో స్థిరపడ్డారు. ‘బ్యారక్స్’ అన్న మాటే బార్కాస్ అయింది. మందీకి నేడు మన రాష్ట్రమంతటా ఉన్న ప్రచారానికి ఆ పేట పెద్ద ఆధారం. షవర్మా, హుమ్ముస్, ఫలాఫెల్ మాత్రం మధ్యధరా తూర్పు తీరం మీదుగా మనకు చేరినవి. షవర్మా అన్న మాటకు మూలం టర్కీ భాషలో త్రిప్పడం అనే అర్థం గల ‘చెవిర్మె’. నిలువు శలాకకు గ్రుచ్చిన మాంసం నిప్పు ముందు తిరుగుతూ కాలుతుంది గనుక ఆ పేరు సార్థకం.

ఈ రుచులు మా ఊళ్ళకు ఏ దారిన వచ్చాయి? హైదరాబాదు ఫ్యాషను చూసి వచ్చాయని నేటి యువకులు అనుకుంటారు. నాకట్లా తోచదు. 1970ల దశకంలో చమురు ధరలు పెరిగి గల్ఫు దేశాలలో నిర్మాణాలు ఊపందుకున్నప్పటి నుండి మా ఉమ్మడి కరీంనగర్ జిల్లా పల్లెలు ఒక్కొక్కటిగా అటు నడిచాయి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల నుండి బోర్లు ఎండి అప్పుల పాలైన రైతులు వెళ్ళారు. సిరిసిల్ల నుండి మగ్గాలు, మరమగ్గాలు అన్నం పెట్టని నేత కార్మికులు మొదట భివండికి, సూరత్‌కు పోయి, ఆపైన సముద్రం దాటారు. ఇక్కడ తల్లులూ భార్యలూ బీడీలు చుట్టి ఇల్లు గడిపారు. ఏ గల్ఫు దేశానికి వెళ్ళినా మా పల్లెల్లో దాని పేరు ‘దుబాయే’. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు వేరు జిల్లాలయ్యాయి గాని ఆ విమానం ఎక్కే వరుస మాత్రం ఒక్కటిగానే ఉంది. మరికొందరు వృద్ధుల సంరక్షకులుగా ఇజ్రాయేలు వెళ్ళి, అచ్చంగా ఆ మధ్యధరా తీరాననే కాపురమున్నారు.

ఉపాధ్యాయునిగా నాకు బాగా తెలిసిన విషయం ఒకటుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టపు విధానంలో పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశాలు సహా పద్దెనిమిది దేశాలకు కూలికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి ముద్ర కావలసి వచ్చింది. ఆ పట్టికలో లెబనాన్, సిరియా, లిబియాలూ ఉన్నాయి. మా బడిలో పదవ తరగతి తప్పిన పిల్లవాని పాసుపోర్టు మీద ఆ తప్పడం కూడా పరోక్షంగా అచ్చయ్యేది. అట్లా వెళ్ళినవాడు అక్కడ ఒక గదిలో పదిమందితో కలిసి ఉండి ఖుబ్బూసు తిన్నాడు. ‘ఖుబ్జ్’ అంటే అరబ్బీలో రొట్టె. మనవారి నోట అది ఖుబ్బూసు. చవకగా దొరుకుతుంది, కడుపు నింపుతుంది. ఉదయం ఖుబ్బూసు, పప్పు. సాయంత్రం ఖుబ్బూసు, టమాట కూర. దుబాయిలో శ్రామికుల వసతులున్న ఒక ప్రాంతాన్ని మనవారు సోనాపూర్ అంటారు, అంటే సువర్ణపురం! ఈ పేరులోని వ్యంగ్యాన్ని వివరించడానికి ఏ అలంకార శాస్త్రమూ అక్కరలేదు.

ఇప్పుడు జాబితాల ప్రమాణాలు చూడండి. మిషెలిన్ సంస్థ 2022లో దుబాయికి తన మార్గదర్శిని ప్రారంభించింది. వారికి ఐదు కొలతలున్నాయి: దినుసుల నాణ్యత, పాక నైపుణ్యం, రుచుల పొందిక, పాచకుని వ్యక్తిత్వం వంటలో కనబడటం, ఎప్పుడు వెళ్ళినా అదే స్థాయి నిలవడం. ఐదూ సబబైనవే, ఐదూ పళ్ళెం అంచు దగ్గర ఆగిపోతాయి. మధ్యప్రాచ్య, ఉత్తరాఫ్రికా ప్రాంతాల అత్యుత్తమ భోజనశాలల జాబితాలో 2023, 2024, 2025 సంవత్సరాలలో వరుసగా ప్రథమ స్థానం పొందినది దుబాయిలోని ఓర్ఫలీ సోదరుల భోజనశాల. ఆ ముగ్గురు అన్నదమ్ములు సిరియా దేశపు అలెప్పో నగరంవారు. యుద్ధంలో ఛిన్నాభిన్నమైన ఊరి రుచిని పరాయి నగరంలో నిలబెట్టి గౌరవం పొందారు. నాకు ఆ వార్త చదివి నిజంగా సంతోషం కలిగింది. ఊరు విడిచినవాడు ఊరి రుచిని మోసుకుపోవడం ఎంత గొప్పదో లోకం ఒప్పుకుంది కదా! అయితే నా ప్రశ్న ఒక్కటే. తన ఊరి రుచిని పరదేశానికి మోసినవానికి కిరీటం పెట్టినప్పుడు, పరదేశపు రుచిని తన ఊరికి మోసుకువచ్చినవానికి కనీసం పీట ఎందుకు వేయము?

కావ్యానికి ప్రమాణం సహృదయుడని మన ఆలంకారికులు తేల్చారు. నిరంతర పరిచయం వలన సానపట్టబడిన మనస్సు కలవాడే రసాన్ని గ్రహించగలడని వారి భావం. రుచి విషయంలోనూ ఈ సూత్రం చెల్లుతుంది. సంవత్సరానికొకసారి పెద్ద హోటలులో హుమ్ముస్ రుచి చూసినవాడు సహృదయుడా, పదేళ్ళపాటు రోజుకు రెండు పూటలు రొట్టె విరిచి, ఏది నేటిది, ఏది నిన్నటిది అని వ్రేళ్ళతోనే చెప్పగలిగినవాడు సహృదయుడా? “అతడు తిన్నది పేదల తిండి, అతనికి ఉత్తమ రుచి ఎట్లా తెలుస్తుంది?” అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. రొట్టె, శనగ, నువ్వు, ఎల్లిగడ్డ... ఈ వంటకు పునాది ఇవే. పునాది తెలిసినవానికి గోపురం తెలియకపోవచ్చు గాని, గోపురం ఒరిగితే మొదట కనిపెట్టేది అతడే. పేదరికాన్ని పవిత్రం చేయడం నా ఉద్దేశం కాదు. ఇరుకు గదిలో ఆకలికి తిన్న ఖుబ్బూసు ఎవరికీ భాగ్యం కాదు. ఆ కష్టంలోనూ అతడు ఒక విద్య నేర్చుకుని వచ్చాడన్నదే నేను చెప్పదలచినది.

ఒక ఉదాహరణ. కోరుట్ల దగ్గరి పల్లెకు చెందిన నా పూర్వ విద్యార్థి ఒకడు దుబాయిలో ఒక లెబనాన్ హోటలు వంటగదిలో తొమ్మిదేళ్ళు పనిచేశాడు. మొదటి నాలుగేళ్ళు గిన్నెలు తోమాడు. తరువాత రొట్టెల పొయ్యి దగ్గరికి మార్చారు. గోధుమపిండిని ఈస్టుతో పులియబెట్టి, పలుచగా ఒత్తి, మండుతున్న పొయ్యిలోకి తోస్తే లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై రొట్టెను బంతిలాగా ఉబ్బిస్తుంది. చల్లారిన తరువాత లోపల సంచిలాగా ఖాళీ మిగులుతుంది. పొయ్యి వేడి చాలకపోయినా, పిండి ఆరినా ఆ సంచి ఏర్పడదు. “రొట్టె పొంగకపోతె తప్పు రొట్టెది కాదు సార్, కలిపినోనిది” అన్నాడు. పాఠం చెప్పే మాకు కూడా వర్తించే మాట! 2020లో కరోనా కాలాన వందే భారత్ విమానంలో తిరిగివచ్చి, ఊళ్ళో చిన్న రొట్టెల బట్టీ పెట్టుకుందామని ఒక బ్యాంకుకు వెళ్ళాడు. చదువు కాగితం అడిగారు, అనుభవ ధ్రువపత్రం అడిగారు. రెండూ లేవు. ఆ తరువాత వానాకాలం, యాసంగి రెండు కోతలకూ ధాన్యం కొనుగోలు కేంద్రంలో హమాలీగా బస్తాలు మోశాడు. తొమ్మిదేళ్ళు పొయ్యి ముందు నిలిచిన చేతులకు మన లెక్కల్లో ‘నైపుణ్యం లేని కూలి’ అనే పేరే మిగిలింది.

అదే సమయంలో మన ఊళ్ళలో ఏం జరుగుతున్నది? జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా సాయంత్రమయ్యేసరికి షవర్మా బండ్ల ముందు పిల్లలు గుమిగూడుతున్నారు. తినవద్దని నేననను. అయితే ఆ రొట్టెలో పూసే తెల్లని ముద్ద చాలాచోట్ల మయొనైజు. పచ్చి గుడ్డుతో చేసిన మయొనైజు ఎండవేడికి విషతుల్యం కావచ్చు. కేరళ ప్రభుత్వం 2023 జనవరిలో దానిని నిషేధించింది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుండి ఏడాదిపాటు నిషేధించింది. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో అదే పని చేసింది.

చిత్రమేమంటే, లెబనాన్ సంప్రదాయంలో కోడి షవర్మాకు పూసేది మయొనైజు కాదు, ‘తూమ్’. అరబ్బీలో ఆ మాటకు అర్థం ఎల్లిగడ్డే. ఎల్లిగడ్డను ఉప్పుతో మెత్తగా నూరి, సన్నని ధారగా నూనె, నడుమ నడుమ నిమ్మరసం పోస్తూ కలిపితే అది వెన్నలాగా తెల్లగా చిక్కబడుతుంది. అసలు పద్ధతిలో గుడ్డు ప్రసక్తి లేదు. మన తల్లులు రోట్లో ఎల్లిగడ్డ కారం నూరిన ఓపికే దానికి చాలు. ఇక మాంసపు షవర్మాకు, హుమ్ముస్‌కు కావలసినది ‘తాహీనా’, అంటే పొట్టు తీసిన నువ్వుల ముద్ద. జగిత్యాలకు నువ్వుల సంగతి ఎవరు నేర్పాలి? మా పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన నువ్వుల వంగడానికి జగిత్యాల తిల్-1 అనే పేరుంది. సంక్రాంతి సకినాలలో నువ్వులు మావి, సద్దుల బతుకమ్మకు చేసే నువ్వుల సద్ది మాది. పంట మా చేనులో ఉంది, నూరే విద్య గల్ఫు నుండి తిరిగివచ్చిన మా పిల్లవాని చేతిలో ఉంది. అయినా మా పిల్లలు ప్యాకెట్టు మయొనైజు తింటున్నారు! నడుమ తెగిన దారం ఏదో సిరిసిల్ల నేతన్ననడిగినా చూపిస్తాడు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. విదేశాలకు పంపడానికి తెలంగాణలో టామ్‌కామ్ అనే సంస్థను ఏర్పరచారు. గల్ఫులో మరణించినవారి కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సహాయం ఇచ్చే నిర్ణయం 2024లో జరిగింది. అది న్యాయమే, అంతకుముందే జరగవలసినది. కాని పంపడానికి ఒక ఏర్పాటు, శవపేటిక వచ్చినప్పుడు ఒక ఏర్పాటు... ఈ రెంటి నడుమ ప్రాణాలతో తిరిగివచ్చినవాని విద్యకు లెక్క ఎక్కడుంది? చదువు కాగితం లేకపోయినా చేతిపనిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే పద్ధతి కేంద్ర ప్రభుత్వపు కౌశల్ వికాస్ యోజనలో ఉన్నదే. దానిని ‘పూర్వాభ్యాస గుర్తింపు’ అనవచ్చును. ఆ పరీక్షను మా మండల కేంద్రాలకు తీసుకువచ్చి, పొయ్యి వెలిగించి, రొట్టె కాల్చమని అడగండి. పొంగితే ధ్రువపత్రం ఇవ్వండి. ఆ కాగితాన్ని చూసి బ్యాంకులు అప్పు ఇవ్వాలి. ఇంతకంటె సులభమైన పరీక్షను నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు. మూల్యాంకనంలో పొరపాటుకు తావే లేదు!

“పండితుడవై ఉండి పరదేశపు తిండిని వెనకేసుకొస్తావేమిటి, మన సర్వపిండి చేదైందా?” అని కొందరు పెద్దలు కోప్పడవచ్చు. సర్వపిండి నాకు ప్రాణసమానం. కాని అందులో వేసే మిరప ఎక్కడిది? అమెరికా ఖండపు మొక్క, పోర్చుగీసువారి వెంట మన తీరం చేరింది. మన పెళ్ళిళ్ళలో వడ్డించే జిలేబీ పేరు అరబ్బీ ‘జలాబియా’ నుండి వచ్చినది. హల్వా కూడా అరబ్బీ మాటే. భాషలో ఆచ్ఛికాలతో పాటు తత్సమాలూ, తద్భవాలూ, అన్యదేశ్యాలూ కలిసి బ్రతికినట్లే, విస్తరిలోనూ బ్రతుకుతాయి. అన్యదేశ్యాన్ని వాడటంలో తప్పులేదు, దాని అర్థం తెలియక వాడటమే తప్పు. షవర్మాకూ అదే వ్యాకరణం.

కాబట్టి దుబాయిలోనైనా, హైదరాబాదులోనైనా, మా కోరుట్లలోనైనా మధ్యధరా వంటకాల హోటలుకు వెళ్ళినప్పుడు గోడల మీది నక్షత్రాలు లెక్కపెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండని మనవి. ఈ రొట్టె ఎప్పుడు కాల్చినది? ఈ తెల్లని ముద్ద దేనితో చేసినది? దీనిని చేసినవానికి నెలనెలా జీతం అందుతున్నదా? మొదటిదానికి జవాబు రొట్టెను విరిస్తే తెలుస్తుంది, రెండవదానికి వాసన చూస్తే తెలుస్తుంది. మూడవదానికి మాత్రం నోరు తెరిచి అడగాలి. ఆ మూడవ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగల హోటలును, అది ఎంత చిన్నదైనా సరే, నా జాబితాలో మొదట వ్రాసుకుంటాను.

మీ ఊళ్ళలోనూ గల్ఫు నుండి విద్య నేర్చి వచ్చి, గుర్తింపు లేక మిగిలిపోయినవారు ఉండే ఉంటారు. రొట్టె చేసేవారే కానక్కరలేదు. వడ్రంగులు, వెల్డర్లు, వంటవారు ఎవరైనా సరే. పేర్లు వద్దు, వారి పని గురించి నాలుగు మాటలు వ్యాఖ్యలలో వ్రాయండి. చదివి జవాబు వ్రాస్తాను.

స్వస్తి.